చెరువు కింద పల్లపు భూములు లేఅవుట్లవుతుంటే పంచాయతీ ఏం చేయగలదు?

ప్రశ్న: డెంకాడ రైతు

పెద్దలందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా డెంకాడ మండలంలో చెరువును నమ్ముకొని వరి పండించే ఊరు. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన నాటి నుంచి రహదారి పక్కన ఉన్న పొలాలను కొనేవారు వరుసగా వస్తున్నారు. మదుం (చెరువు తూము) దగ్గరున్న కొన్ని మడుల్లో గ్రావెల్ పోసి మెరక చేయడంతో, వాటి దిగువన ఉన్న పొలాలకు ఉభాల (వరి నాట్ల) సమయానికి నీరు అందడం లేదు. అమ్ముకున్నవారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, ఎవరి అవసరం వారిది. అయితే అమ్మనివారి సాగు ఎందుకు ఆగిపోవాలన్నదే నా బాధ. వచ్చే గ్రామసభలో అమ్మకాలనే ఆపాలని తీర్మానం చేస్తే చెల్లుతుందా? చెల్లకపోతే మరేం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సర్వేయరు, బొబ్బిలి

అమ్మకాలను ఆపుతూ పంచాయతీ చేసే తీర్మానం నిలవదండి. పట్టాదారుకు తన భూమిని అమ్ముకునే హక్కు ఉంది, 2006లో వచ్చి 2025లో రద్దయిన నాలా చట్టం (సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చుకునే చట్టం) కూడా ఆ మార్పిడిని ఆపడానికి కాక, రుసుము కట్టించుకొని అనుమతించడానికి ఉద్దేశించినదే. అందుకని అమ్మకాల జోలికి పోకుండా నీటి దారులను పట్టుకోండి. నేను చూసినంతలో ఆయకట్టు (చెరువు నీటితో సాగయ్యే భూమి) పోవడం ఎప్పుడూ ఒకే తీరుగా జరుగుతుంది: ఎగువన ఒక కాలువ పూడుతుంది, దిగువన రెండు మూడు కార్లు (పంట కాలాలు) పంట పోతుంది, ఆపైన కాలువ చివరనున్న శివారు రైతు తనంతట తానే బేరానికి వస్తాడు.

మీ గ్రామ పటాన్ని, క్షేత్ర కొలతల పుస్తకం నకళ్లను తీసుకొని, చెరువు గర్భం, అలుగు, గెడ్డ (వాగు), పంట కాలువలు ఏయే సర్వే నంబర్లలో ఉన్నాయో గుర్తించి, ఆ జాబితాను గ్రామసభలో చదివి తీర్మానంగా నమోదు చేయించండి. వాటిలో పోరంబోకుగా (ప్రభుత్వ భూమిగా) ఉన్నదాన్ని ఎవరు పూడ్చినా 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు నోటీసు ఇచ్చి తొలగించవచ్చు. పట్టా భూమి మీదుగా పోయే బోదెల (చిన్న కాలువల) సంగతి వేరు. అక్కడ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (ఇతరుల భూమి మీదుగా దారి, నీరు వాడుకునే హక్కుల చట్టం) పనికొస్తుంది. ఇరవై ఏళ్లపాటు అడ్డు లేకుండా, హక్కుగా నీరు పారించుకున్నవారు ఆ దారి తమదేనని సివిల్ కోర్టులో నిరూపించుకోవచ్చు. పాత అడంగళ్లు (ఏటా సాగు వివరాలు రాసే రికార్డులు), నీటి తీరువా (నీటి పన్ను) రసీదులు ఇందుకు సాక్ష్యంగా ఉపయోగపడతాయి కాబట్టి వాటిని పారేయకండి.

మీ మండలం విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలోనిది. బృహత్ ప్రణాళికలో వ్యవసాయ వినియోగంగా చూపిన భూమిని మార్చాలంటే ముందుగా అభ్యంతరాలు పిలుస్తారు. ఆ ప్రకటనలను గమనించి గడువులోగా రాతపూర్వకంగా స్పందించే బాధ్యతను ఊళ్లో ఎవరైనా ఒకరు తీసుకోవాలి.

జవాబు: కౌలు రైతు, బూర్జ

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను, అయితే నీరొక్కటే నిలిస్తే చాలదు. మేము నారాయణపురం ఆనకట్ట కింద కౌలుకు వరి వేస్తాం. ఇక్కడ నీరున్నా, దున్నేవాడి పేరు కాగితం మీద ఉండదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కౌలు కార్డు ఇస్తారు కానీ, దానికి యజమాని సంతకం కావాలి, ఆయన సంకోచిస్తే పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ మాకు అందకుండా పోతాయి. ఆ కార్డు భూమి మీద హక్కు ఇవ్వదని గ్రామసభలో అధికారుల చేతే యజమానులకు చెప్పించండి. ఈ ఒక్క భయం తొలగితే చాలామంది సంతకం చేస్తారని నా నమ్మకం.

వరి కోతకు ముందే మడిలోని తేమ మీద మినుము, పెసర చల్లుకోవడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండింటా అలవాటే. ఆ రెండో పంట వచ్చిన ఏడాది కౌలు కట్టడం భారమనిపించదు. ఊరంతా ఒకేసారి కోతలకు వచ్చే రకాలు వేసుకొని, పశువులను విడిచిపెట్టే తేదీని కూడా గ్రామసభలోనే నిర్ణయించుకుంటే అది దక్కుతుంది.

జవాబు: నెల్లిమర్లలో భూమి ఉన్నవారు, ప్రస్తుతం విశాఖ

అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్న ఒక యజమానిగా రాస్తున్నాను. నాన్నగారి వైద్యానికి అప్పు చేశాం, ఏటా వచ్చే కౌలు ఆ వడ్డీకి కూడా సరిపోదు. పొలాన్ని పొలంగానే ఉంచమని ఊరు నన్ను అడగవచ్చు, కానీ ఆ భారంలో ఊరూ, ప్రభుత్వమూ కొంత పాలు పంచుకోవాలి కదా. కేరళలో 2008లో వరి భూముల, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం తెచ్చి, పంచాయతీ స్థాయి సంఘాలతో వరి భూముల జాబితా తయారు చేయించారు, 2020లో ఆ భూమిని వరికే ఉంచిన యజమానులకు హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మొత్తం చిన్నదే. అయినా, పొలాన్ని నిలిపినవాడు అందరికీ మేలు చేస్తున్నాడని ప్రభుత్వం ఒప్పుకోవడం నాకు పెద్ద విషయంగా తోచింది. అటువంటి చట్టం కావాలని మన గ్రామసభలు కూడా తీర్మానించి పంపాలి.

డెంకాడ రైతు

అందరికీ కృతజ్ఞతలు. నిషేధం మాట వదిలేసి, కాలువల జాబితా, కౌలు కార్డులు, పశువుల కట్టడి, ఈ మూడింటినీ గ్రామసభ ముందు పెడతాం. సర్వేయరు గారూ, పటంలో ఉన్న కాలువ ఇప్పటికే పూడిపోయి ఉంటే కొలతకు ఎవరు దరఖాస్తు చేయాలి?

విశ్రాంత సర్వేయరు, బొబ్బిలి

పంచాయతీ తీర్మానం నకలు జతచేసి, నీరు అందని రైతులంతా సంతకాలు పెట్టి తహసీల్దారుకు ఇవ్వండి. చెరువుకు నీటి సంఘం ఉంటే అధ్యక్షుని చేత విడిగా మరొకటి ఇప్పించండి. కొలిచే రోజున శివారు రైతులు తప్పకుండా అక్కడ ఉండాలి, నీరు ఏ గట్టు పక్కనుంచి ఎటు పారేదో చేయి పెట్టి చూపగలిగేది వారే.