పాత కారును కిందికి దించితే: నేలకు తగలకుండా ఏం కొలవాలి, ఏం మార్చాలి, ఎలా నడపాలి?

నాలుగుచక్రాలు:
ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు (వంచిన ఉక్కు పట్టీల లీఫ్ స్ప్రింగులు) ఉన్న పాత సెడాన్. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,400 మి.మీ. కారు కింద అన్నిటికన్నా దిగువన ఉన్నది సైలెన్సర్ పైపు ఫ్లాంజ్ (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు), నేల నుంచి 150 మి.మీ. కారును 50 మి.మీ. దించాలని ఉంది. స్పీడ్ బ్రేకర్లు, పార్కింగ్ ర్యాంపులు దాటుతుందా? స్ప్రింగులు కోయించాలా, పొట్టివి కొనాలా? వాటితోపాటు ఇంకేమేం మార్చాల్సి వస్తుంది?

కొలతబద్ద:
ఆ 150 ఖాళీ కారుకి కొలిచిందైతే ముందు దాన్ని పక్కన పెట్టండి. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, సీట్లలో నలుగురిని కూర్చోబెట్టి, టైర్లలో సరైన గాలి ఉంచి, కారును రెండు మీటర్లు ముందుకూ వెనక్కీ దొర్లించాక కొలవండి. దొర్లించకపోతే సస్పెన్షన్ బిగుసుకుని ఉండి, లేని ఎత్తు చూపిస్తుంది.

ఇక ర్యాంపు సంగతి. రెండు చక్రాలకు సరిగ్గా మధ్యలో 150 మి.మీ. ఉంటే 2,400 వీల్‌బేస్ కారు సుమారు 14 డిగ్రీల విరుపును (వాలు మారేచోట ఏర్పడే కోణాన్ని) పొట్ట తగలకుండా దాటుతుంది. 100 మి.మీ. అయితే 9.5 డిగ్రీలే. ఆరుకు ఒకటి చొప్పున ఎక్కే ర్యాంపు చివర చదునుగా మారేచోట విరుపు దాదాపు 9.5 డిగ్రీలే. అంటే ఇప్పుడు తేలిగ్గా దాటే ర్యాంపు, 50 మి.మీ. దించాక పొట్టను గీరుతుంది. ముందు చక్రాల దగ్గరున్న భాగానికి ఈ ఇబ్బంది తక్కువ, వీల్‌బేస్ మధ్యలో ఉన్నదానికే ఎక్కువ. అందుకే ఫ్లాంజ్ ఎత్తుతోపాటు అది ముందు చక్రం నుంచి ఎంత దూరంలో ఉందో కూడా రాయండి.

స్పీడ్ బ్రేకర్లలో ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. 3.7 మీటర్ల వెడల్పు, 100 మి.మీ. ఎత్తు ఉన్న గుండ్రటి దిబ్బ మీద మీ కారు నడిమికి వచ్చేసరికి చక్రాలు కూడా దిబ్బ మీదే ఉంటాయి, కాబట్టి పొట్ట కిందికి చొచ్చుకొచ్చేది 42 మి.మీ. మాత్రమే. 30 సెం.మీ. వెడల్పుతో 75 మి.మీ. లేచిన ఇరుకు గడ్డ అలా కాదు. చక్రాలు దిగిపోయాక మొత్తం 75 మి.మీ. పొట్ట కిందే ఉంటుంది. దించాక ఉండే 100లో 75 పోతే 25 మిగులుతుంది. చక్రాలు దిగినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటే ఆ 25 కూడా ఉండదు.

కమానుకట్ట:
కాయిల్ కోయడం గురించి. పని చేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒక చుట్టు తీస్తే అది 8/7 వంతు, అంటే దాదాపు 14 శాతం గట్టిపడుతుంది. దిగిన కారుకి స్ప్రింగు కొంచెం గట్టిగా ఉండటం మంచిదే. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. జాకీ మీద ఎత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కోసిన స్ప్రింగు కప్పులో వదులైతే, గుంతలో చక్రం దిగినప్పుడు అది పక్కకు జారుతుంది. చివర చుట్టు ముడుచుకుని ఉన్న స్ప్రింగును ఆ చివర కోయనే కూడదు. గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఉక్కుకున్న పదును పోతుంది, రెండు వైపులా ఒకేలా కుంగదు, నెలల్లో ఇంకా దిగుతుంది. పొట్టి స్ప్రింగులు కొనడమే నా సలహా. వాటితోపాటు పొట్టి షాక్ అబ్జార్బర్లు కూడా వేయించండి. పొడుగు షాక్ అడుగుకు తగిలితే లోపలి వాల్వు నలిగిపోతుంది.

వెనుక బ్లాకులు (కట్టకూ ఇరుసుకూ మధ్య పెట్టే దిమ్మలు) వేసేముందు కట్ట ఇరుసుకు కింద ఉందో పైన ఉందో చూడండి. కింద ఉంటే బ్లాకు కారును దించుతుంది, పైన ఉంటే ఎత్తుతుంది. కింద ఉన్నప్పుడు చాలామంది గమనించని విషయం ఒకటుంది. 25 మి.మీ. బ్లాకు వేస్తే కట్టా, దాని అడుగు ప్లేటూ, వాటిని ఇరుసుకు బిగించే యూ-బోల్టు కొసలూ కూడా 25 మి.మీ. నేలకు దగ్గరవుతాయి. అందుకే కట్ట విప్పించి పట్టీల వంపు తగ్గించడమే నాకు నచ్చిన పద్ధతి. బ్లాకే వేస్తే ఒక్కటే వేయాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. కట్ట నడి బోల్టు తల బ్లాకు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. యూ-బోల్టులు కొత్తవే వాడాలి, 100 కి.మీ. నడిచాక మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి.

వెనుక దిగాక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు శక్తిని తీసుకెళ్లే గొట్టం) కోణం చూడాల్సిందే. గేరుబాక్సు దగ్గర జాయింట్ క్రాస్ కోణం, డిఫరెన్షియల్ దగ్గర కోణం ఒక డిగ్రీ తేడా లోపల సమానంగా ఉండాలి. తేడా ఉంటే వేగం పెరిగేకొద్దీ కారు ఫ్లోరు కంపిస్తుంది, జాయింటు త్వరగా అరుగుతుంది. కట్టకూ ఇరుసుకూ మధ్య 2 డిగ్రీల ఏటవాలు ముక్క (వెడ్జ్) పెట్టి సరిచేస్తారు.

అలైన్‌మెంట్:
ఎన్ని మిల్లీమీటర్లు దించామన్నది అందరూ అడుగుతారు. దించాక బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ మరీ నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మకు) తగిలేలోపు ఎంత ప్రయాణం మిగిలిందన్నది ఎవరూ అడగరు. 50 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే మలుపులో కారు రబ్బరు మీదకు ఎక్కి కూర్చుంటుంది. ఆ క్షణంలో ఆ చక్రానికి స్ప్రింగు లేనట్టే, పట్టు హఠాత్తుగా తప్పుతుంది. నేలకు గీరుకోవడం కన్నా నాకు దీని భయమే ఎక్కువ.

ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ ఒకే నిలువు కాలుగా ఉండేది) ఉన్నవాటికి ఇంకొకటి. కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలిందంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కన్నా ఎక్కువ దిగిపోయిందని అర్థం. కారు కిందికి దిగినా మలుపులో మరింత ఒరుగుతుంది. స్ట్రట్‌కూ స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య 20–25 మి.మీ. స్పేసర్ పెడితే ఆర్మ్, టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) రెండూ తమ కోణాలకు తిరిగొస్తాయి. వెనుక పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు జరగకుండా బాడీకి అడ్డంగా కట్టే కడ్డీ) ఉంటే, దించాక ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. సర్దుకునే రాడ్ అవసరం. ముందు భాగం వెనుక కన్నా ఎక్కువ దించితే క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి రావడం మందగిస్తుంది.

వెనుక ఇరుసుకు కడ్డీతో కలిపి బరువును బట్టి బ్రేకు ఒత్తిడి పంచే వాల్వు ఉందేమో తప్పక చూడండి. బాడీ ఇరుసుకు దగ్గరైతే అది డిక్కీ నిండా సామాను ఉందనుకుని వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోతాయి. దించిన రోజే ఆ కడ్డీ సర్దాలి. హెడ్‌లైట్ల గురి కూడా అదే రోజు.

రబ్బరుముక్క:
బంప్ స్టాప్ సగం కోసేస్తే ప్రయాణం మిగులుతుంది కదా?

అలైన్‌మెంట్:
కోయొచ్చు, కానీ ఇలా చూశాకే. స్ప్రింగు తీసేసి, షాక్ బిగించి, చక్రం కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ పూర్తిగా నలిగేదాకా లేపండి. అక్కడ స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య 10–15 మి.మీ. ఖాళీ, షాక్ రాడ్డులో ఇంకా 10 మి.మీ. ప్రయాణం ఉండాలి. బ్రేకు గొట్టం దేన్నీ రాయకూడదు. ఇవి లేకపోతే బంప్ స్టాప్‌ను ముట్టుకోకండి. కోస్తే టైరో షాకో దాని పని చేయాల్సి వస్తుంది. రోడ్డు మీద నిజంగా ఎంత నొక్కుకుంటుందో తెలియాలంటే షాక్ రాడ్డుకు ఒక ప్లాస్టిక్ టై కట్టి నడపండి. అది ఎక్కడికి జరిగిందో చూస్తే చాలు.

ఆయిల్‌చాంబర్:
ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు చాంబర్‌కు సొట్ట పడితే చమురు కారడం లేదు కదా అని వదిలేస్తారు. లోపల ఆయిల్ పీల్చే జాలీ చాంబర్ అడుగుకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సొట్ట ఆ ఖాళీని మూసేస్తే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ఒత్తిడి పడిపోయి బేరింగులు పోతాయి. తగిలిన వెంటనే ఒత్తిడి చూడాలి, తక్కువగా ఉంటే ఇంజిన్ ఆపేయాలి. పోత అల్యూమినియం చాంబర్ సొట్టపడదు, నేరుగా పగులుతుంది.

చాంబర్ కింద రక్షణగా గార్డు వేస్తే 3 మి.మీ. ఉక్కు లేదా 5–6 మి.మీ. అల్యూమినియం. బోల్టులు క్రాస్ మెంబర్‌కో (కారు కింద అడ్డంగా ఉండే దూలం) చాసిస్‌కో ఉండాలి, చాంబర్‌కు కాదు. మధ్యలో 10–15 మి.మీ. ఖాళీ వదలాలి, ఆయిల్ దించే నట్టు కింద రంధ్రం పెట్టాలి. ఆ ఖాళీ, రేకు మందం రెండూ కలిసి మళ్లీ 15–20 మి.మీ. తింటాయి. లెక్కలో వేసుకోండి.

సైలెన్సర్ దగ్గర తేలిగ్గా గెలవొచ్చు. యూ-క్లాంపుల నట్లు కిందికి చూస్తుంటే తిప్పి పక్కకో పైకో పెట్టండి, ఖర్చు లేకుండా 15–20 మి.మీ. దొరుకుతుంది. సాగిన హ్యాంగర్ రబ్బర్లు మార్చండి. ఫ్లాంజ్‌ను వీలైనంత పైకి, కారు ఫ్లోరు వైపు తీయండి, కానీ కార్పెట్టు, పెట్రోలు పైపు వేడెక్కకుండా మధ్యలో వేడి రేకు పెట్టండి. కారు ఫ్లోరు కింద నడిచే పెట్రోలు, బ్రేకు పైపులు సైలెన్సర్ కన్నా కిందికి ఉంటే వాటిని చాసిస్ మడతలోకి జరిపించి 30–40 సెం.మీ.కు ఒక క్లిప్పు వేయండి.

చివరిగా ఒక సూత్రం: ఏ చక్రం రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి కారు భాగం ఏదీ రాకూడదు. టైరు పగిలి రిమ్ము మీదకు దిగినప్పుడు స్టీరింగ్ లింకో, క్రాస్ మెంబరో రోడ్డును పట్టుకుంటే కారు ఎటు వెళ్తుందో మన చేతిలో ఉండదు.

టార్షన్‌బార్:
కాయిల్ లేని కార్ల కోసం. వోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనుక టార్షన్ బార్‌కు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీకి) లోపలి కొసన 40, బయటి కొసన 44 పళ్లు. లోపల ఒక పన్ను 9 డిగ్రీలు, బయట దాదాపు 8.2. ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పితే 0.8 డిగ్రీల చొప్పున సర్దవచ్చు. విప్పేముందు రెండు వైపులా గీత గీసుకోండి. బార్ బయటి కొసకు తగిలించిన ప్లేటు ఒత్తిడితో ఉంటుంది, జాకీ ఆసరా లేకుండా అంచు దాటిస్తే చెయ్యి విరుగుతుంది. పాత స్వింగ్ ఆక్సిల్ (గేరుబాక్సు దగ్గర మాత్రమే వంగే ఇరుసు) బీటిల్ అయితే దిగినకొద్దీ వెనుక చక్రాల అడుగులు బయటికి చాపుకుంటాయి, టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది.

పాత మినీల్లో చాలావాటికి ఉక్కు స్ప్రింగు ఉండదు, రబ్బరు కోన్ ఉంటుంది. అది ఏళ్ల తరబడి కుంగుతుంది కాబట్టి దించేముందు అది ఇప్పటికే ఎంత దిగిందో చూడండి. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌లోనైతే ఎత్తు మార్చే మీట లోపలే ఉండేది. ర్యాంపు ముందు ఎత్తి, దాటాక దించుకునే సౌకర్యం ఎంత గొప్పదో కిందికి దిగిన కారు నడిపేవాళ్లకు తెలుస్తుంది.

నిదానం:
నడిపే పద్ధతి. స్పీడ్ బ్రేకర్ ముందే బ్రేకు వేసి వేగం తగ్గించి, చక్రం ఎక్కేలోపు బ్రేకు పూర్తిగా వదిలేయాలి. బ్రేకు మీదే ఎక్కితే ముక్కు కిందికి వంగి, తగలాల్సిన అవసరం లేనిదే తగులుతుంది. ముందు చక్రాలు దిగేటప్పుడూ అంతే, నడక వేగం, బ్రేకు లేదు. వెనుక సీట్లో మనుషులుంటే ఇరుకు గడ్డల దగ్గర దింపడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. ర్యాంపులకు ఏటవాలుగా ఎక్కండి.

కొలతబద్ద:
ఏటవాలు విషయంలో ఒక సవరణ. బంపర్ తగిలే అంచులకు అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ముక్కు కన్నా ముందు ఒక చక్రం ఎక్కుతుంది. కానీ మరీ అడ్డంగా వెళ్తే ఒక మూల చక్రం గాలిలోకి లేచి బాడీ మెలి తిరుగుతుంది. తుప్పు పట్టిన తలుపు కింది గడపలున్న పాత బాడీలో తలుపుల సందులు మారతాయి, అద్దం అంచు పగలవచ్చు. 30 డిగ్రీల దాకా చాలు.

నాలుగుచక్రాలు:
స్ప్రింగులు వదిలేసి చిన్న టైర్లు వేస్తే? 165/80ఆర్13 తీసి 175/50ఆర్13?

కొలతబద్ద:
టైరు వ్యాసం 594 నుంచి 505 మి.మీ.కు పడుతుంది. కారు 44 మి.మీ. దిగుతుంది, కానీ దానితోపాటు ఇరుసు, డిఫరెన్షియల్, రిమ్ము అంచు కూడా దిగుతాయి. చాంబర్ గారు చెప్పిన రిమ్ము సూత్రానికి కొత్తగా మిగిలేది ఏమీ ఉండదు. పైగా స్పీడోమీటర్ దాదాపు 18 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంజిన్ అదే వేగానికి అంత ఎక్కువ తిరుగుతుంది. 175/70ఆర్13 అయితే 10 మి.మీ. లోపే దిగుతుంది, తేడా 3 శాతం. అది ఫర్వాలేదు.

నాలుగుచక్రాలు:
అయితే ఇలా అనుకుంటున్నాను: ముందు 30 మి.మీ. పొట్టి స్ప్రింగులు, వెనుక కట్ట వంపు 25 తగ్గించడం, టైర్లు పాత సైజే.

కమానుకట్ట:
ఆ క్రమాన్ని తిప్పండి. మొదట సైలెన్సర్ ఫ్లాంజ్, క్లాంపులు పైకి ఎత్తించి నలుగురు కూర్చున్న ఎత్తు మళ్లీ కొలవండి. దించేది ఆ తర్వాత. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకో 5 మి.మీ. దాకా కుంగవచ్చు కాబట్టి, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటి మొదటి రోజే సరిచేయించి, పూర్తి అలైన్‌మెంట్‌ను 500 కి.మీ. తర్వాత చేయించండి. సస్పెన్షన్ బుష్‌ల (కీళ్లలోని రబ్బరు తొడుగుల) బోల్టులు కారు గాలిలో ఉన్నప్పుడు బిగించకండి. చక్రాలు నేల మీద ఆని, కారు తన బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి నెలల్లోనే చిరుగుతుంది. మామూలు జాకీ ఇక కిందికి పట్టదు. చక్రాల ముందు 40–50 మి.మీ. మందం చెక్కలు వేసి ఎక్కించి, అప్పుడు జాకీ తోయండి.