రోహింగ్యా పాప స్కూల్ అడ్మిషన్, ఆధార్ లేదని పంపేశారు, ఏం చేయాలి?

ఎంఎస్‌డబ్ల్యూ_సెకండియర్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదువుతున్నా, ఫీల్డ్ వర్క్ బాలాపూర్ వైపు రోహింగ్యాల (మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు) బస్తీలో పడింది. అక్కడ తొమ్మిదేళ్ల పాప ఒకతి ఉంది, ఇక్కడే పుట్టింది, ఉర్దూ గడగడా మాట్లాడుద్ది, కిరాణా కొట్టుకి పోయి పోయి తెలుగు కూడా వచ్చేసింది. వాళ్ళ నాన్న చిత్తుకాగితాలు, అట్టలు ఏరి అమ్ముతాడు. బడికి తీస్కెళ్తే హెడ్మాస్టర్ గారు మంచిగానే మాట్లాడారు గానీ ఆధార్ లేకపోతే ఆన్‌లైన్‌లో ఎక్కదమ్మా అని పంపేశారు. వీళ్ళ దగ్గరేమో యూఎన్ వాళ్ళిచ్చిన రెఫ్యూజీ కార్డు తప్ప ఏం లేదు. ఇప్పుడు ఎవడో ఐదు వేలిస్తే ఆధార్ చేయిస్తా అన్నాడంట, ఈయన అప్పు తెద్దామని చూస్తున్నాడు, ఇవ్వమంటావా అని నన్నడిగితే రేపు చెప్తానని తప్పించుకుని వచ్చేశా. ఎవరికైనా ఇలాంటివి చేసిన అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_ఫీల్డ్_వర్కర్:
రేపటిదాకా ఆగొద్దమ్మా, ఇప్పుడే ఫోన్ చేసి ఆ ఐదు వేలు ఇవ్వొద్దని చెప్పు. దొంగ ఆధార్, ఓటర్ కార్డుల కేసుల్లో అరెస్టయిన రోహింగ్యాలు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఇవాళ కార్డు లేని మనిషి, రేపు ఫోర్జరీ కేసులో ముద్దాయి అయిపోతాడు. నువ్వు "సరే" అన్నావంటే ఆ మాట నీ మెడకి కూడా చుట్టుకుంటుంది.

ఇక బడి సంగతి. 2009 విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు అనే ఉంది, పౌరుల పిల్లలు అని లేదు. సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని చేర్చుకోకుండా పంపకూడదు, సెక్షన్ 4 ప్రకారం వయసుకి తగ్గ క్లాసులో కూర్చోబెట్టాలి, అంటే పాపని ఒకటో క్లాసులో పడేస్తామంటే ఒప్పుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రోహింగ్యా పిల్లలు ముందు గవర్నమెంట్ బడికే వెళ్ళి అడగాలి, కాదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు అంది. హెడ్మాస్టర్‌తో గొడవ పెట్టుకోకు, ఆయన బాధ కంప్యూటర్‌తో. అప్లికేషన్ రెండు కాపీలు తీస్కెళ్ళి ఒకదాని మీద స్టాంపు వేయించుకో, చేర్చుకోకపోతే ఎందుకో రాసివ్వమని అడుగు. నోటితో లేదన్నంత ఈజీగా కాగితం మీద లేదని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. తర్వాత ఎంఈఓ (మండల విద్యాధికారి), ఆ పైన డీఈఓ (జిల్లా విద్యాధికారి) దగ్గరికి వెళ్ళు. లాయర్ దాకా పోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్ళు పిల్లలకి ఫ్రీగా పెడతారు, హెల్ప్‌లైన్ 15100.

ఇంకోటి, వాళ్ళ కార్డులు ఫొటో తీసి మీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టేరు, అస్సలొద్దు. లిస్టులో పేరెక్కితే ఎక్కడికి పోతుందో అని వాళ్ళకుండే భయం మనకి అర్థం కాదు.

ట్యాక్స్_పేయర్_99:
మన ఊళ్ళలో బడులు మూతపడుతుంటే వీళ్ళకి హక్కులా? ఇండియా అసలు రెఫ్యూజీ కన్వెన్షన్ (శరణార్థుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) మీద సంతకమే పెట్టలేదు తెలుసా.

కరీంనగర్_పిలగాడు:
సంతకం పెట్టలే, నిజమే అన్నా. గానీ రాజ్యాంగంల 14, 21 ఆర్టికల్స్ పౌరులకే అని లేదు గదా, ఏ మనిషికైనా వర్తిస్తయ్. 1996ల అరుణాచల్‌ల ఉండే చక్మా శరణార్థుల కేసుల సుప్రీంకోర్టు గదే చెప్పింది. దేశం నుంచి పంపియ్యొద్దు అనుడు వేరే ముచ్చట, 2021ల రోహింగ్యాలు గది అడిగితే కోర్టు ఒప్పుకోలే. ఈడ అడిగేది బడి గురించే.

మా నాయిన దుబాయ్‌ల కంపెనీ జీతాలియ్యకపోతే బయటకొచ్చి ఖల్లివెల్లి (కాగితాల్లేకుంట ఉండేటోడు) అయిండు, పాస్‌పోర్టేమో కంపెనీ దగ్గర్నే. 2007ల ఆమ్నెస్టీ (కాగితాల్లేనోళ్ళు శిక్ష లేకుంట ఇంటికి పోనిచ్చుడు) పెట్టినప్పుడు ఎవరో మలయాళీ ఆయన, రోజూ లేబర్ క్యాంపులు తిరుగుతుండెనట, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనోళ్ళు ఇంటికొచ్చేటందుకు ఇచ్చే పత్రం) కాగితాలు నింపిచ్చి లైన్ల నిలబెట్టిండు. నువ్వు లీగలా ఇల్లీగలా అని ఆయన అడిగి ఉంటే మా నాయిన ఇంటికొస్తుండెనా?

రిటైర్డ్_నర్సమ్మ:
వాదనలు తర్వాత పెట్టుకోండి బాబూ. పాప ఇక్కడే పుట్టిందన్నావు కదమ్మా, ఏ ఆసుపత్రిలో? ఆసుపత్రి కాన్పు అయితే పుట్టుక రిజిస్టర్‌లో ఎక్కించి పంపడం ఆసుపత్రి వాళ్ళ పనే, తల్లిదండ్రులు ఏ దేశం వాళ్ళైనా సరే. ముందు అది వెతకండి. ఎక్కకపోతే మాత్రం ఏడాది దాటింది కాబట్టి మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి, కాస్త తిరగాలి. ఒక్క మాట, బర్త్ సర్టిఫికెట్ వస్తే పౌరసత్వం వచ్చినట్టే అని ఆ తండ్రికి ఆశ పెట్టకు. 2004 డిసెంబర్ తర్వాత పుట్టిన పిల్లలకి తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమంగా వచ్చినా పౌరసత్వం రాదు.

ఎంఎస్‌డబ్ల్యూ_సెకండియర్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రే ఫోన్ చేశా, డబ్బులు ఇంకా ఇవ్వలేదంట, బతికిపోయా. ఈరోజు వెళ్తే యూఎన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవర్లోనే ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం మడతలు పడి ఉంది, ఇన్నాళ్ళు నేనసలు అడగనే లేదు! సోమవారం దాంతో వార్డు ఆఫీసుకి, తర్వాత బడికి వెళ్తున్నాం. అప్లికేషన్ మా కాలేజీ లెటర్‌హెడ్ మీద పెట్టనా?

పాత_ఫీల్డ్_వర్కర్:
తండ్రి పేరు మీదే పెట్టు, సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. కాలేజీ లెటర్ కావాలంటే వెనక జత చెయ్యి. నీ ఫీల్డ్ వర్క్ ఏప్రిల్‌కి అయిపోతుంది, స్టాంపు పడిన కాపీ మాత్రం ఆ ప్లాస్టిక్ కవర్లోనే ఉండాలి.