ఇంజిన్ నంబరు కలిస్తేనే అసలు బండా? 1969 కెమారో జీ 28 కొనుగోలుపై చర్చ

కొలంబస్ తెలుగు:

అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా ఒహాయోలో ఉంటున్నాను. 1969 షెవర్లే కెమారో జీ 28 అనే పాత అమెరికన్ కారు కొనాలని చాలాకాలంగా డబ్బు కూడబెట్టుకున్నాను. ఇప్పుడు రెండు బండ్లు నా ముందున్నాయి. మొదటిది హగ్గర్ ఆరెంజ్ రంగులో అద్దంలా మెరుస్తోంది; ఇంజిన్ నంబరు బండి నంబరుతో కలుస్తుందని చెప్పి 78,000 డాలర్లు అడుగుతున్నారు. రెండోది ఫాథమ్ గ్రీన్. దాని రంగు చాలావరకు ఫ్యాక్టరీలో వేసిందే, పైకప్పు మీద అరిగిపోయి కింది ప్రైమరు కనిపిస్తోంది. మొదటి యజమాని దాచిన కాగితాలన్నీ ఉన్నాయి కానీ ఇంజిన్ మాత్రం 1970లో వారంటీ కింద మార్చినది. దానికి 61,000 అడుగుతున్నారు. పుట్టినప్పటి ఇంజిన్ లేని బండిని ఒరిజినల్ అనవచ్చునా? రెండింటి ఫొటోలు జతచేశాను, పెద్దలు చూసి చెప్పగలరు.

టెక్సాస్ గ్యారేజీ:

అనకూడదని నా అభిప్రాయం. ట్రాన్స్-యామ్ కారు పందేలలో ఇంజిన్‌కు 305 ఘనపు అంగుళాల పరిమితి ఉండేది కనుక, షెవర్లే వారు 327 ఇంజిన్ బోరుకు (సిలిండరు వెడల్పు) 283 ఇంజిన్ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) జతచేసి 302 ఘనపు అంగుళాల ఇంజిన్ తయారుచేశారు. జీ 28 అంటే ముందుగా ఆ ఇంజినే. అది పోయాక మిగిలేది మంచి కెమారో, అంతే. మీరు మళ్లీ అమ్మబోయే రోజున వచ్చిన ప్రతి కొనుగోలుదారూ మొదట అడిగేది ఇంజిన్ నంబరే. దానికి సూటిగా జవాబు చెప్పలేని యజమాని అక్కడే సగం ఓడిపోతాడు. నా ఓటు ఆరెంజ్ బండికి.

ఫ్లోరిడా మిత్రుడు:

నేను ఒప్పుకోను. 2020 జనవరిలో కిస్సిమీలో జరిగిన మీకమ్ కార్ల వేలంలో, 'బుల్లిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ తుప్పుతో, గీతలతో, వెలిసిన రంగుతోనే రుసుములు కలుపుకొని 37.4 లక్షల డాలర్లు పలికింది. పాత రంగును ముట్టుకోకుండా ఉంచితే విలువ ఎంతగా పెరుగుతుందో దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

డెట్రాయిట్ వాసి:

ఫ్లోరిడా మిత్రుడు గారూ, ఆ మస్టాంగ్ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు. అక్కడ ధర పలికింది మెక్వీన్ కూర్చున్న సీటుకు. అదే ఏడాది, అదే రంగు, అదే అరుగుదల ఉన్న మరో మస్టాంగ్‌కు అందులో పదో వంతు కూడా రాదు.

టెక్సాస్ గారి మాటలో బలం ఉంది. అయితే ఆ మాట నమ్మి 2011లో నేను బాగా నష్టపోయాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. అప్పుడు నేను కొన్న నీలం కెమారో ఇంజిన్ మీద నంబరు చక్కగా కలిసింది. రెండేళ్ల తరువాత ఒక ముసలి మెకానిక్ ఆ నంబరు చెక్కిన చోటును గుడ్డతో తుడిచి, టార్చిలైటును ఏటవాలుగా పట్టి, "ఇక్కడ గీతలేవి బాబూ?" అని అడిగాడు. కుడివైపు సిలిండరు హెడ్డు ముందు భాగాన బ్లాకుకు, అంటే సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన పోతకు, ఒక చిన్న చదునైన జాగా ఉంటుంది, నంబర్లు అక్కడే కొడతారు. ఫ్యాక్టరీలో బ్రోచింగ్, అంటే పళ్లున్న పనిముట్టుతో గీకి చదును చేయడం, చేసినప్పుడు ముందు నుంచి వెనక్కి సాగే సన్నని సమాంతర గీతలు ఆ జాగా మీద పడతాయి. నా బ్లాకు మీద అది గాజుపలకలా నున్నగా ఉంది. పాత నంబరు చెరిపి, నా బండి నంబరు కొత్తగా కొట్టారు. గీతలు లేనంత మాత్రాన మోసమని చెప్పలేం, ఇంజిన్ రీబిల్డ్ చేసేటప్పుడు నిజాయితీగానే ఆ జాగాను చెక్కించి చదును చేయించినా అవి పోతాయి. నా విషయంలో మాత్రం బ్లాకు పోతపోసిన తేదీ కూడా అబద్ధాన్ని పట్టిచ్చింది.

ఇప్పుడు మీ ఆరెంజ్ బండి ఫొటోలకు వస్తాను. వాటిని పెద్దవి చేసి రెండుసార్లు చూశాను. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) మీది రేకు బిళ్లపై 03C అని ఉంది, అంటే బాడీ తయారైంది మార్చి మూడో వారంలో. ఇంజిన్ మీద V0312DZ అని కొట్టారు: V అంటే ఫ్లింట్ ఫ్యాక్టరీ, 0312 అంటే మార్చి 12న ఇంజిన్ బిగించారని, DZ అంటే 1969 జీ 28కు వేసిన 302. ఇంతవరకు అంతా ముచ్చటగా ఉంది. కానీ బ్లాకు వెనుక అంచున పోతలోనే వచ్చిన తేదీ D 7 9 అని స్పష్టంగా కనిపిస్తోంది. A జనవరి అయితే D ఏప్రిల్, కాబట్టి అది 1969 ఏప్రిల్ 7. ఏప్రిల్‌లో పోసిన బ్లాకును మార్చిలో ఎవరు బిగించారు? పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు అనేది ఇలాంటి సరుకునే.

ఇంజిన్ నంబరు మీదే ఇంత మోసం ఎందుకు జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. 1969 కెమారో బండి నంబరులో 12437 అని ఉంటే అది వీ8 ఇంజిన్ ఉన్న కూపే అని మాత్రమే తెలుస్తుంది. జీ 28 అని ఆ నంబరు ఎక్కడా చెప్పదు. ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీ బండ్లకు 1968 డిసెంబరు ప్రాంతం నుంచి రేకు బిళ్లపై జీ 28ను సూచించే X33, X77 వంటి గుర్తులు వేశారు కనుక అక్కడ కొంత ఊతం దొరుకుతుంది, కాలిఫోర్నియాలోని వాన్ నైస్ బండ్లకు అదీ లేదు. ఆ ఏడాది జీ 28లు 20,302 తయారయ్యాయి. మామూలు కెమారోను జీ 28గా చూపించి వేల డాలర్లు వెనకేసుకోవాలనుకునే వాడికి, మార్చడానికి అన్నిటికంటే తేలికైన చోటు ఇంజిన్ మీది ఆ అరచేతిలో పట్టే జాగాయే. అందుకే నంబరుకు కాదు, ఆ నంబరును నిలబెట్టే సాక్ష్యానికి డబ్బు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ లెక్కన పచ్చబండిని చూడండి. ఇంజిన్ మీద CE అని, పక్కన 0 అని ఉంది. అది 1970లో షెవర్లే వారు వారంటీ కింద ఇచ్చిన ఇంజిన్‌కు వేసే గుర్తు. దాన్ని ఎవరూ చెరపలేదు, దాచలేదు. వారంటీ పుస్తకానికి అంటించి ఉన్న చిన్న అల్యూమినియం పలక, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అంటారు దాన్ని, దాని మీద పుట్టినప్పటి ఇంజిన్ గుర్తు DZ అని అచ్చయి ఉంది. ఈ బండి జీ 28గానే పుట్టిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? వెనుక ఇరుసు, గేర్‌బాక్సు, డోర్లు, ఫెండర్లు, నేల రేకులు అన్నీ పుట్టినప్పటివే అయితే, ఒక్క బ్లాకు మారిందని దాన్ని నకిలీల వరుసలో నిలబెట్టడం అన్యాయం. ఈ రోజుల్లో డైనాకార్న్ వంటి సంస్థలు 1969 కెమారో బాడీని మొత్తంగా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నాయి. కొత్త బాడీకి పాత నంబరు బిళ్ల తగిలించి, పాత ఇంజిన్ పెట్టినా నంబర్లు కలుస్తాయి, మరి అది 1969 బండి అవుతుందా?

టెక్సాస్ గ్యారేజీ:

ఆ పోత తేదీని నేను గమనించలేదు, ఆరెంజ్ బండికి ఇచ్చిన ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. అయినా అసలు మాట మీద నా పట్టు అలాగే ఉంది. వారంటీ ఇంజిన్ ఎంత నిజాయితీగా ఉన్నా, పుట్టినప్పటి ఇంజిన్ ఉన్న బండితో సమానం కాదు. 61,000 ఎక్కువ, 55,000 దగ్గర మొదలుపెట్టండి.

డెట్రాయిట్ వాసి:

సమానమని నేనూ అనలేదు, తగ్గింపు ఉండి తీరాలి. కానీ ఆ తగ్గింపును పూర్తిగా ఇంజిన్ లెక్కలోనే వేయకండి. ఫ్యాక్టరీ రంగు మిగిలి ఉన్న బాడీ దొరకడం రానురాను కష్టమవుతోంది. ఆ రంగుకు ఎదురు విలువ కట్టకపోతే బేరం ఒంటికన్ను చూపు అవుతుంది. 58,000కు ఇస్తే నేనైతే ఆలోచించకుండా తీసుకుంటాను. డబ్బు ఇచ్చే ముందు మాత్రం ముందు అద్దం కింద ఉన్న కౌల్ గ్రిల్లు (గాలి వెళ్లే జాలీ) విప్పించి, దాని కింది రేకు మీద కొట్టిన రహస్య నంబరు డాష్‌బోర్డు మీది బండి నంబరు బిళ్లతో కలుస్తోందో లేదో కళ్లారా చూడండి. డాష్‌బోర్డు బిళ్లను పట్టిన రివెట్లు కూడా పూరేకుల ఆకారంలో ఉండాలి. గుండ్రని మామూలు రివెట్లు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

కొలంబస్ తెలుగు:

శనివారం వెళ్లి వచ్చాను. ఆరెంజ్ బండి యజమాని గ్రిల్లు విప్పడానికి ఒప్పుకోలేదు, పోత తేదీ సంగతి ఎత్తగానే మాట మార్చారు. పచ్చబండి ఆయన తానే స్క్రూడ్రైవరు తెచ్చి విప్పారు. ఆకులు, మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే నంబరు పూర్తిగా వచ్చింది, కలిసింది. రివెట్లూ పూరేకులవే. 58,500కు మాట ఇచ్చాను. ఒక్క సందేహం మిగిలింది: డ్రైవరు వైపు డోరు మీద అరచేయంత సొట్ట ఉంది, చుట్టూ రంగు బాగానే ఉంది. సొట్ట తీయించి ఆ డోరు వరకు రంగు వేయించనా?

డెట్రాయిట్ వాసి:

అభినందనలు. రంగు వేయించకండి. రంగు చెదరకుండా లోపలి నుంచి నెమ్మదిగా నొక్కి సొట్ట తీసే పనివాళ్లు ఉన్నారు, వారికి చూపించండి. పూర్తిగా పోకపోయినా సరే, అలాగే ఉంచండి.