ప్రాణంగా చూసుకునే పనే సత్తువ లాగేస్తోంది, ఏం చేయమంటారు?

నమస్కారం అండీ. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. జీతం కోసం ఎంచుకున్న పని కాదిది. 1,100 గ్రాముల పాప నా చూపుడు వేలిని గుప్పిట్లో పట్టుకుంటే, ఆ రోజుకి అది చాలనిపిస్తుంది.

కానీ ఈ మధ్య మనిషి తక్కువైతే ముందు ఫోన్ నాకే. "నీకు పిల్లలంటే ప్రాణం కదమ్మా" అంటారు, కాదనలేను. పోయిన నెల వరసగా నైట్లు చేసి ఇంటికొచ్చాను. మా అబ్బాయి అన్నం పెట్టమంటే వాడి మీద అరిచాను. వాడు కంచం తీసుకుని మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోయాడు. పడుకున్నా చెవుల్లో మానిటర్ బీప్ మోగుతూనే ఉంది.

అమెరికాలో జూలలో జంతువులను చూసుకునేవాళ్ల మీద బండర్సన్, థాంప్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివాను. ఈ పని కోసమే పుట్టామనుకునేవాళ్లకి తమ పనిలో అర్థం ఎక్కువ కనిపిస్తుందట. జీతం, సొంత సమయం, సుఖం వదులుకునేదీ వాళ్లేనట. అచ్చం నా గురించే రాసినట్టుంది. బర్నౌట్, అంటే పని ఒత్తిడితో మనసూ ఒళ్లూ పూర్తిగా అలసిపోవడం, జబ్బు కాదు, పని వల్ల వచ్చే సమస్య అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని తెలిశాక కాస్త ఊరట కలిగింది. లోపం నా ఒక్కదానిలోనే లేదన్నమాట.

నర్సులు, టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, ఎవరైనా ఇది దాటి వచ్చారా? ఎక్స్‌ట్రా డ్యూటీ చేయలేనని మొదటిసారి ఏ మాటలతో చెప్పారు? చెప్పాక పని మీద ప్రేమ తగ్గిందా, నిలిచిందా? ఉద్యోగం మానేయమని మాత్రం అనకండి, దయచేసి.