చంద్రుడి మీద తవ్వి తీసినది ఎవరి సొత్తు? దానికి కాపలా ఎవరు?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థి, హన్మకొండ):
1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండవ అధికరణం ప్రకారం చంద్రుడినిగాని, మరే ఖగోళాన్నిగాని, వాడుకున్నామనో ఆక్రమించామనో చెప్పి ఏ దేశమూ తనదిగా చేసుకోరాదు. మన 2023 అంతరిక్ష విధానం మాత్రం గ్రహశకలం నుంచి వనరులు తెచ్చిన ప్రైవేటు సంస్థ వాటిని సొంతంగా ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటున్నది. నేల ఎవరిదీ కానప్పుడు అందులోంచి తీసిన సరుకు ఒకరిది ఎలా అవుతుంది? ఇంకొకరు వచ్చి అడ్డుపడితే ఆపేదెవరు?

జవాబు (న్యాయవాది, వరంగల్):
చెరువు గర్భంలోని భూములకు ఇచ్చే మన శిఖం పట్టాలను గుర్తు చేసుకోండి. ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోయాక ఆ తడి మట్టిలో దోస, పుచ్చ పెట్టిన రైతుకు కాయల మీద హక్కు ఉంటుంది గాని, మట్టి పోసి చెరువును పూడ్చే హక్కు ఉండదు. అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో చేసిన అంతరిక్ష వనరుల చట్టాలు నిలబడింది ఈ తేడా మీదే. చంద్రుడి వనరులు మానవాళి ఉమ్మడి సొత్తు అన్న 1979 ఒప్పందంపై భారత్ 1982లో సంతకం చేసింది కాని ధ్రువీకరించలేదు. పైగా 2023 నాటిది విధానమే తప్ప పార్లమెంటు చేసిన చట్టం కాదు. కోర్టులో ఈ తేడా చిన్నది కాదు.

జవాబు (విశ్రాంత గని ఉద్యోగి, గోదావరిఖని):
వకీలు గారి పోలిక బాగుంది, కాని శిఖానికి తహసీల్దారు ఉన్నాడు, చంద్రుడికి లేడు. గనిలో పొర ఎవరిదైనా, దిగే దారి ఎవరి చేతిలో ఉంటే బొగ్గు వాళ్లదే. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు ఉన్నది ఎన్నడూ ఎండ పడని గుంతల్లో; సౌర విద్యుత్తుకు పనికివచ్చే, దాదాపు ఎప్పుడూ ఎండ ఉండే గట్లు కొన్నే. భారత్ 2023 జూన్‌లో చేరిన ఆర్టెమిస్ ఒడంబడికలో (చంద్రుడి మీద పనులకు అమెరికా ముందుండి కుదిర్చిన నియమాలు) చెప్పిన ‘భద్రతా మండలాలు’ (ఒకరి పనికి ఇతరులు అడ్డురాకుండా ప్రకటించే పరిధి) తాత్కాలికమే అయినా, అటువంటి గట్టు మీద ముందు దిగినవాడు మండలం ప్రకటిస్తే, హద్దురాయి లేని కబ్జా అది.

ప్రశ్న అడిగినవారు:
అయితే సైన్యాన్ని పెట్టి కాపాడుకోవచ్చా అండీ?

జవాబు (న్యాయవాది, వరంగల్):
వీలు లేదు. 1967 ఒప్పందం నాలుగవ అధికరణం ఖగోళాల మీద సైనిక స్థావరాలను నిషేధిస్తుంది. పన్నెండవది, ముందుగా తెలియజేసి వచ్చిన ఇతర దేశాల ప్రతినిధులకు, వాళ్లూ అదే మర్యాద పాటిస్తే, అక్కడి కేంద్రాల తలుపు తీయమంటుంది. అక్కడ దించిన యంత్రం మాత్రం ఎనిమిదవ అధికరణం కింద నమోదు చేసిన దేశం పరిధిలోనే ఉంటుంది కనుక, దానికి నష్టం చేసినవాడి మీద ఫిర్యాదుకు ఆధారం ఉంది. కాని 1972 నష్టబాధ్యత ఒప్పందం కింద ఆ దావా వేయవలసింది ప్రభుత్వం. సంస్థ ముందు ఢిల్లీ చుట్టూ తిరగాలి.