భూగర్భ ‘నిల్వ’ అనాలా, ‘ఇంకించడం’ అనాలా?

బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) గాలిలో కలవనివ్వకుండా నేల అడుగుకు పంపే పనికి ‘భూగర్భ నిల్వ’ అనే మాట వాడుకలో స్థిరపడుతోంది. దీనిమీద నాకున్న అభ్యంతరాన్ని సభ్యుల ముందు పెడుతున్నాను.

నీటి నిల్వ అన్నా, బ్యాంకు ఖాతాలో నిల్వ అన్నా, అవసరమైనప్పుడు తీసి వాడుకోవచ్చన్న భావం ఆ మాటలోనే ఉంది. ఇక్కడ తిరిగి తీసే ఉద్దేశమే లేదు. పైగా నిల్వ అనగానే నేల కింద ఒక పెద్ద తొట్టి, దాని నిండా వాయువు ఉన్నట్లు పాఠకుడు ఊహించుకుంటాడు, అది పగిలితే ఏమవుతుందన్న భయమూ వెంటనే పుడుతుంది. నిజానికి అక్కడ తొట్టీ లేదు, గుహా లేదు. నార్వే వారు ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో సహజవాయువు నుంచి వేరుచేసిన ఈ వాయువును 1996 నుంచి, సముద్రమట్టానికి సుమారు ఒక కిలోమీటరు దిగువనున్న ఇసుకరాతి పొరలోకి పంపుతున్నారు. ఆ ఇసుక రేణువుల నడుమ, కంటికి ఆనని సందుల్లో ఉప్పునీరు ఉంటుంది. దాదాపు 800 మీటర్ల లోతు దాటాక అక్కడి ఒత్తిడికీ వేడికీ వాయువు ద్రవంలా చిక్కబడి, ఆ నీటిని పక్కకు నెట్టుకుంటూ సందుల్లోకి చొరబడుతుంది.

ఇందుకు మనకు ‘ఇంకు’ అనే చక్కని క్రియ ఉంది. ఇంకుడు గుంత తెలిసినవారికి ‘ఇంకించడం’ విడమరిచి చెప్పనక్కరలేదు. తేడా లేకపోలేదు. నీరు తనంత తానే కిందికి ఇంకుతుంది; ఈ వాయువును ఒత్తిడితో పంపాలి, పంపాక కూడా అది ఉప్పునీటికన్నా తేలిక కనుక పైకి లేవజూస్తుంది, దాన్ని ఆపేది పైనున్న చొరరాని రాతిపొర. అయితే కాలం గడిచేకొద్దీ కొంత వాయువు సందుల్లోనే చిక్కుకుంటుంది, కొంత నీటిలో కరుగుతుంది, అలా కరిగించుకున్న నీరు చుట్టూ ఉన్న నీటికన్నా బరువెక్కి మెల్లగా అడుగుకు దిగుతుంది. అప్పుడు ‘ఇంకడం’ అక్షరాలా సరిపోతుంది.

‘నిక్షేపం’ అనే మాటనూ ఆలోచించాను. దానశాసనాల్లోని ‘నిధి నిక్షేప’ జంట గుర్తుకొచ్చి, తవ్వి తీసుకొనే ఆశ అందులోనూ ఉందనిపించి వదిలేశాను.

ఐస్‌లాండులోని కార్బ్‌ఫిక్స్ పద్ధతికి మాత్రం వేరే మాట కావాలి. అక్కడ నీటిలో కరిగించి బసాల్టు రాతిలోకి పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే సున్నపురాతి జాతి ఖనిజంగా మారిందని 2016లో ప్రకటించారు. దాన్ని ‘రాయిగా మార్చడం’ అని నేరుగా చెప్పడమే నాకు నచ్చింది.

ఇక మిగిలింది వాయువును పైకి రానివ్వని ఆ పొర పేరు. నేను ‘మూతరాయి’ అని రాస్తున్నాను. ఇంతకన్నా పొందికైన మాట ఉంటే చెప్పగలరు.