మినీ లేత్‌కి టూళ్లు: నాన్న విజయవాడ నుంచి ఏం తేవాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. ఒహాయో వచ్చి నాలుగు నెలలైంది. అద్దె ఇంటికి గరాజ్ ఉంది కదా అని పాత 7 బై 14 అంగుళాల మినీ లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే చిన్న యంత్రం) ఒకటి కొన్నాను. దానితో కోసే టూళ్లు రాలేదు. ఆన్‌లైన్‌లో తొమ్మిది హోల్డర్ల కార్బైడ్ ఇన్సర్ట్ సెట్ (హోల్డర్ కొసన బిగించి మార్చుకునే కోత ముక్కలు) చూసి పెట్టుకున్నాను. వచ్చే నెల నాన్నగారు వస్తున్నారు, ఆటోనగర్ నుంచి ఏమైనా కావాలా అంటున్నారు. ఏం చెప్పమంటారు?

మొదటి జవాబు

తమ్ముడూ, ఆ సెట్ కార్ట్‌లోంచి తీసెయ్. నాన్నగారు వస్తున్నారంటే నీ పని సగం అయినట్టే.

మనవైపు కార్బైడ్‌ని విడియా అంటారు కదా, ఇక్కడ అలా అడిగితే బ్రాండ్ పేరనుకుంటారు. కార్బైడ్ చాలా గట్టిది, కానీ పెళుసు. ఆటోనగర్‌లో లారీ పార్టులు తిప్పే పెద్ద లేత్ కదలదు కాబట్టి దానికి సరిపోతుంది. మన బల్లమీది లేత్ వణుకుతుంది, ఆ వణుకుకే అంచు పెచ్చు ఊడుతుంది. కొత్తలో నేను హెక్స్ రాడ్ బిగించి తిప్పాను. మూలలు టకటకా తగిలి, టీ చల్లారేలోపే రెండు ఇన్సర్ట్‌లు పోయాయి.

నీకు కావలసింది హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు, అంటే మనమే సాన పట్టుకునే కోత కడ్డీలు. 8 ఎంఎం చదరపువి ఓ ఆరు తెమ్మను. 10 ఎంఎంవి అడగొద్దు, చాలా మినీ లేత్‌ల టూల్‌పోస్ట్‌లో (టూల్‌ని బిగించే దిమ్మ) సెంటర్ కంటే, అంటే కడ్డీ తిరిగే ఇరుసు ఎత్తు కంటే, పైకి వచ్చేస్తాయి. చెకిన్ బ్యాగ్‌లో పెట్టమను, చేతి సంచిలో వద్దు. ఇంకో మాట, ఇదే అసలైంది: అక్కడ చెయ్యి తిరిగిన టర్నర్ (లేత్ పనివాడు) చేత ఒక బిట్ సాన పట్టించి తెమ్మను. ముందు, పక్క రిలీఫ్ (అంచు కింది భాగం రాడ్‌కి రాసుకోకుండా ఉంచే వాలు) పది డిగ్రీల దాకా, ముక్కు కొంచెం గుండ్రంగా. ఎన్ని వీడియోలు చూసినా ఆ ముక్క చేతిలో ఉన్నట్టు ఉండదు. దాన్ని పక్కన పెట్టుకుని మిగతావి నువ్వే సాన పట్టుకో. ఇక్కడ ఒక బిట్ సాన పట్టివ్వమని ఎవరి దగ్గరికి పోతావు?

అందుకని ఆరంగుళాల బెంచ్ గ్రైండర్ ఇక్కడే కొనుక్కో. పట్టేటప్పుడు బిట్ వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచు. స్టీల్ కడ్డీ కొసన అంటించిన విడియా టిప్‌ని మాత్రం అలా ముంచకు, చిట్లుతుంది. నేను ముంచి చూశాను.

స్పీడ్ సంగతి. 25 ఎంఎం మైల్డ్ స్టీల్ రాడ్‌కి హెచ్ఎస్ఎస్‌తో కోత వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే చక్ (రాడ్‌ని పట్టుకుని తిప్పే భాగం) 380 ఆర్‌పీఎం తిరిగితే చాలు. కార్బైడ్‌కి 100 మీటర్లు అనుకున్నా 1270 దాకా పోవాలి. మొదటి వారంలోనే ఆ స్పీడ్ ఎందుకు, టెన్షన్ తప్ప!

సెంటర్ హైట్‌కి చిన్న చిట్కా. జాబ్‌కీ (చక్‌లో బిగించిన రాడ్) టూల్ మొనకీ మధ్య పల్చటి స్టీల్ స్కేల్ నిలబెట్టి మెల్లగా నొక్కు. నిటారుగా నిలిస్తే సరి. పైకొస నీ వైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. రేకు ముక్కలు కిందపెట్టి సరిచేసుకో. ఇది తప్పితే ఫేసింగ్‌లో (రాడ్ కొసని చదును చేసేటప్పుడు) మధ్యలో బొడిపె మిగులుతుంది.

గ్లవ్స్ వేసుకుని లేత్ ముందు నిలబడకు. చక్ బిగించే కీని చక్‌లోనే వదిలెయ్యకు. ఇవి నాన్నగారు కూడా చెబుతారులే.

రెండో జవాబు

అన్నయ్య చెప్పింది నిజమే కానీ కార్బైడ్‌ని మరీ అంత తీసిపారెయ్యక్కర్లేదు. నాకు గరాజ్ లేదు, బాల్కనీలో గ్రైండర్ పెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు. ఒకే ఒక్క హోల్డర్, సీసీఎంటీ 060204 అనే రకం కార్బైడ్ ఇన్సర్ట్‌లతో మూడేళ్లు నెట్టుకొచ్చాను. చివర 04 అంటే ముక్కు రేడియస్ 0.4 ఎంఎం. 08 తీసుకుంటే అది లోతైన కోత అడుగుతుంది, చిన్న మోటార్ లాగలేదు. అల్యూమినియంకి సీసీజీటీ అనే రకం తీసుకో. దాని అంచు పదునుగా ఉంటుంది, స్టీల్ మీద కూడా పైపైన కోయడానికి బాగుంటుంది. పార్టింగ్‌కి (రాడ్‌ని రెండుగా తెగ్గొట్టడానికి) మాత్రం నేనూ హెచ్ఎస్ఎస్ బ్లేడే వాడతాను. తక్కువ స్పీడ్, చుక్కచుక్కగా ఆయిల్, చెయ్యి ఆపకుండా ఫీడ్.

గ్రైండర్‌ని లేత్ పక్కన పెట్టకు తమ్ముడూ. ఆ పొడి లేత్ బెడ్ (టూల్ జరిగే పట్టాలు) మీద పడితే దాన్ని అరగదీస్తుంది.

మళ్లీ నేను

థాంక్స్ అన్నా, అక్కా. నాన్నకి ఫోన్ చేశాను. ఒక్కటేం సరిపోతుంది, టర్నింగ్‌కి ఒకటి, ఫేసింగ్‌కి ఒకటి, త్రెడ్డింగ్‌కి (మరలు కోయడానికి) 60 డిగ్రీలది ఒకటి సాన పట్టిస్తానన్నారు. అమ్మ మాత్రం ఆ ఇనుము బరువుకి ఆవకాయ ఎంత తగ్గించాలో అడుగుతోంది.